కాలానికి ముందు మైనస్

చర్చ్ స్ట్రీట్ పార్కు పక్కన కారు ఆపి చాలాసేపైంది గాని ప్రమోద సీటు బెల్టయినా తియ్యలేదు. ఇక్కణ్ణించి వీరభద్రరావు సారు ఇంటికి రెండంటే రెండు మలుపులు. ఆ రెండు మలుపులూ తిరిగే ధైర్యం చాలక, ఎవరిదో క్రికెట్ మ్యాచ్ చూడ్డానికొచ్చిన దానిలాగా ఇక్కడ కూలబడింది. శనివారం మధ్యాహ్నం, సగం మోరిస్‌విల్ ఊరు ఈ గ్రౌండులోనే ఉంది, మడత కుర్చీలు, ఐసు డబ్బాలు, పక్క కారుకి ఆనుకుని ఎవరో ఫోన్లో గట్టిగా వీసా స్టాంపింగ్ డేట్ల గురించి మాట్లాడుతున్నారు, నెత్తి మీంచి ఎయిర్‌పోర్టుకి దిగే విమానాలు ఒకదాని వెనక ఒకటి. ఏప్రిల్ వచ్చిందంటే పైన్ చెట్ల పుప్పొడి ఊరంతా రాలుతుంది, కార్లన్నిటి మీదా పసుపు జల్లినట్టుంటుంది, తుమ్మని మనిషుండడు. అద్దం మీది ఆ ధూళిని చూస్తూ కూర్చుంది ప్రమోద. తను లోపలికెళ్ళగానే సారు అడిగేది ఒకటే మాట, రోజూ అడిగేదే, లెక్క నిలబడిందా అని. నిన్నటిదాకా నిలబడింది సార్ అని చెప్పింది, నిజంగా నిలబడిందనే అనుకుంది. ఇవాళ పొద్దున అది తప్పని తేలింది. ఆఖరి రోజుల్లో ఉన్న మనిషికి ఆ సంగతి చెప్పాలా, దాచాలా, ఇప్పుడు ఈ కారులో తేల్చుకోవాల్సింది అదీ. ఎంత కూర్చున్నా అది తేలడం లేదు.

తప్పంటే ఎంత, ఒక్క గుర్తు. ప్లస్ రావాలో మైనస్ రావాలో, అంతే. పొద్దున రఘుకి చెప్తే ఆయన గారు డిష్‌వాషర్లో గిన్నెలు సర్దుతూ సర్దుతూనే, ఒక్క సైనే కదా, బగ్ ఫిక్స్ చేసి మళ్ళీ రిలీజ్ చెయ్యి అన్నాడు. మొగుణ్ణని ఏం లాభం, వాళ్ళ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో అలాగే నడుస్తుంది మరి. కాని ఆ గుర్తున్న చోటు అలాంటిది. పెద్ద నక్షత్రం ఒకటి తన బరువు తనే మొయ్యలేక లోపలికి కూలిపోతుంది, కూలి కూలి వెలుతురు కూడా బయటికి రాలేనంత గట్టిపడుతుంది, దాన్నే బ్లాక్ హోల్ అంటారు, అక్కడిదాకా ఈ గ్రౌండులో ఆడుతున్న పిల్లల్నడిగినా చెప్తారు. దాని నడిమధ్యకి వచ్చేసరికి ఏమవుతుందన్నదే తంటా. ఐన్‌స్టైన్ సమీకరణాలు అక్కడ ఇన్ఫినిటీ అని చెప్పి చేతులెత్తేస్తాయి, దానికి సింగ్యులారిటీ అని పేరు పెట్టుకున్నారు, పేరు పెడితే తెలిసినట్టా అనేవారు సారు. పెద్ద వస్తువులకి ఒక లెక్క, అణువుల్లోపలికి ఇంకో లెక్క, దేనికది బ్రహ్మాండంగా పనిచేస్తుంది, ఆ నడిమధ్యన మాత్రం రెండూ ఒకేసారి కావాలి, రెంటికీ పొత్తు కుదరదు, ఎందరు మహానుభావులు తలలు బద్దలు కొట్టుకున్నా కుదరలేదు. సారూ తనూ కలిసి ఏళ్ళ తరబడి కూర్చుని ఒక చిన్న మోడల్ కట్టారు. అందులో ఒక్క పదం అదనంగా వస్తుంది. ఆ పదానికి ప్లస్ వస్తే నడిమధ్యకి పడిపోతున్నదాన్ని వెనక్కి తోస్తుంది, పతనం ఆగి మళ్ళీ పైకి లేస్తుంది, సింగ్యులారిటీ అన్నదే ఉండదు. మైనస్ వస్తే ఇంకా గట్టిగా లాగుతుంది, ఇన్ఫినిటీ ఎక్కడిదక్కడే ఉంటుంది. చలికాలంలో వాళ్ళకి ప్లస్ వచ్చింది. ఇద్దరి పేర్లతో పేపర్ బయటికెళ్ళింది, ఎన్నడూ పలకరించని వాళ్ళు కూడా మెయిల్స్ పెట్టారు, డిపార్ట్‌మెంట్లో కేక్ కోశారు, సారు మంచం మీంచే వీడియోలో చూసి ఆ కేక్ మీది ఐసింగు నాకొద్దులే అని నవ్వారు.

కుమారి ఆంటీకి సారు ఆ సంగతి చెప్పిన పూట ప్రమోద అక్కడే ఉంది. వంటింట్లో ఆంటీ పూరీలు వేయిస్తోంది, సారు గుమ్మానికి ఆనుకుని, లోపలికి పడీ పడీ ఒక దగ్గర ఇక పడనంటుంది కుమారీ, తిరిగి లేస్తుంది అని చేతులూపుతూ చెప్తున్నారు, ఆస్పత్రి నుంచి వచ్చిన కొత్త, మనిషి సగానికి సగం అయిపోయినా మొహం వెలిగిపోతోంది. ఆంటీ గరిటెతో పూరీని నూనెలోకి అదిమింది, అది బుస్సున పొంగి పైకి తేలింది, ఇలాగా అంది. ఇలాగే, అచ్చం ఇలాగే అన్నారాయన. ఆ రోజు నుంచీ వాళ్ళ గ్రూపులో దాని పేరు పూరీ, తెలుగు ముక్క రాని వాళ్ళు కూడా పూరీ అనే అనేవారు. ఆంటీకి లెక్కలు రావు, ముప్ఫై ఏళ్ళు లైబ్రరీలో పనిచేసి రిటైరైంది, కాని పొంగడం అర్థమైంది, అది పట్టుకుని కూర్చుంది. ఆఖరి రోజుల్లో ఇంటికొచ్చి చూసుకునే హాస్పిస్ వాళ్ళు ప్రార్థనకి మనిషిని పంపిస్తామంటే సారు వద్దన్నారు. ఇంట్లో పారాయణం పెట్టిస్తానని ఆంటీ బతిమాలితే అదీ వద్దన్నారు. నాకు నా లెక్క చాలు, అంత ఘోరమైన చోట కూడా అంతం లేదని తేలింది, ఇంకేం కావాలి అన్నారు. నక్షత్రానికి పనికొచ్చే లెక్క మనిషి ప్రాణానికి పనికిరాదని ప్రమోదకి తెలుసు, ఆయనకి ఇంకా బాగా తెలుసు. తెలిస్తే మాత్రం, పోయే ముందు మనిషి దేన్నో ఒకదాన్ని పట్టుకోవాలి కదా, ఆయన దీన్ని పట్టుకున్నారు. దాన్ని ఇప్పుడు ప్రమోద వెళ్ళి చేతుల్లోంచి లాక్కోవాలి.

చాక్‌పీసు వాసన గుర్తొస్తోంది, ఈ పుప్పొడి వల్లనో ఏమో. ఇరవై ఏళ్ళ కిందటి మాట, విశాఖపట్నం నుంచి అమెరికాలో దిగి వారం కాలేదు, జెట్ లాగ్‌తో కళ్ళు మూతలు పడుతుంటే ఆయన గదికి వెళ్ళింది. పలకరింపులేం లేవు, చేతికి చాక్‌పీసిచ్చి, సింగ్యులారిటీ అంటే ఏమిటని ఇంగ్లీషులో అడిగారు. యూనివర్సిటీలో గోల్డ్ మెడల్ తెచ్చుకున్న పిల్ల, ఊరుకుంటుందా, బోర్డు నిండా రాసి గడగడా అప్పజెప్పేసింది. అంతా విని ఆయన తెలుగులోకి మారారు. "ఇదంతా బావుందమ్మాయ్. అక్కడ ఏముందో నీకు తెలుసా?" అన్నారు. తెలీదండి అని గొణిగింది. "గట్టిగా చెప్పు," అన్నారు. తెలీదు అంది. "అదీ. ఇక మొదలెడదాం," అన్నారు. ఆ తరవాత ఎన్ని సెమినార్లు చూసిందో, ఎంతటివాడు వచ్చి గాల్లో చేతులు తిప్పినా సారు వెనక వరసలోంచి నెమ్మదిగా, అంటే మీకు తెలీదన్నమాట అనేవారు, చెమటలు పట్టేవి వాళ్ళకి. తెలీదని చెప్పడానికి సిగ్గుపడేవాడు ఈ పనికి రాడు, వాణ్ణి బ్యాంకులో వేసుకోమనండి అనేవారు. అలాంటి మనిషి మంచం దగ్గరికి అబద్ధం పట్టుకుని వెళ్ళాలా. పోనీ నిజమే పట్టుకెళ్తే, అది విని ఆయన ఏం చేసుకుంటారు, సరిచెయ్యడానికి ఇంకో ఇరవై ఏళ్ళున్నాయా ఏమన్నానా. దేవుడా అందామంటే తనూ సారు శిష్యురాలే, ఆ దారీ ఎప్పుడో మూసుకుంది.

ఎక్కడ తప్పిందో చూసుకుంటే ఏడవాలో నవ్వాలో తెలీదు. కాలాన్నీ స్థలాన్నీ కలిపి లెక్క కట్టేటప్పుడు రెంటికీ ఎదురెదురు గుర్తులు పెట్టాలి. కాలానికి ప్లస్ పెట్టి మూడు దిక్కులకీ మైనస్ పెట్టే బడి ఒకటి, కాలానికి మైనస్ పెట్టి మిగతావాటికి ప్లస్ పెట్టే బడి ఇంకొకటి. రెండూ ఒప్పే, ఇండియాలో రోడ్డుకి ఎడమ పక్క నడిపినా ఇక్కడ కుడి పక్క నడిపినా ఇల్లు చేరినట్టే, ఒకే రోడ్డు మీద చెరో పద్ధతీ నడిపితేనే ప్రమాదం. సారుది పాత బడి. ప్రమోద నేర్చుకున్నది రెండోది. ఎన్నేళ్ళు పోట్లాడుకున్నారో దాని మీద. కాలానికి ముందు మైనస్ పెట్టడానికి నాకు చెయ్యి రాదమ్మాయ్, ఉన్న కాస్త కాలమూ ఎవరో తీసేసుకున్నట్టుంటుంది అనేవారాయన. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు, ఎవరి పద్ధతిలో వాళ్ళు రాసుకోవచ్చు, కాని కాగితం ముట్టుకోగానే పై మూలన ముందు ఆ నాలుగు గుర్తులూ వెయ్యాలి. మా నాన్న కాగితం తీస్తే మూలన శ్రీ రాయందే కలం కదిపేవాడు కాదు, నాకు ఇవే శ్రీకారం అనేవారు. ఆయన కాగితం రాగానే మూల చూసుకుని, ప్రమోద దాన్ని తన పద్ధతిలోకి మార్చుకునేది, ఏ పదం గుర్తు తిరగబడుతుందో, ఏది తిరగబడదో, బియ్యంలో రాళ్ళు ఏరుతున్నంత శ్రద్ధగా. ఇన్నేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు.

ఆఖరి కాగితం ఆయన ఆస్పత్రిలో రాశారు, అన్నం ట్రే మీద పెట్టుకుని, చేతికి సూదులుండగా. ఆ అదనపు పదం ఉన్నది అందులోనే. మూలన గుర్తులు లేవు. పాపం మర్చిపోయారనుకుంది. సారు చెయ్యి, సారు పద్ధతే కదా, ఇంకా చూడ్డానికేముంది అనుకుంది. మొదటి వరసలో కాలం ముందు చిన్న గీత కనబడింది కూడా, కనబడలేదంటే అబద్ధం. చెయ్యి వణికి పడ్డ గీత అనుకుంది, కాగితం నిండా అలాంటి వణుకులే ఉన్నాయి మరి, ముత్యాల్లాంటి ఆయన రాత అలా అయిపోవడం చూసి ఆ పూట బాత్రూములోకెళ్ళి ఏడ్చింది. ఎప్పట్లాగే మార్చేసింది. ప్లస్ వచ్చింది. ప్లస్ వచ్చాక పాత ఫలితాలతో ఒకసారి పోల్చి చూడాలి, అది ఈ పనిలో పళ్ళు తోముకోవడం లాంటిది, అదీ చెయ్యలేదు, ఆయన ఉండగానే బయటికి పంపాలన్న ఆత్రం. పొద్దున తన స్టూడెంట్ స్మృతి స్లైడ్ ఒకటి సరిచూస్తూ ఆ పోలిక చేస్తే గుర్తు కలవలేదు. మళ్ళీ చేసింది, మళ్ళీ కలవలేదు. అప్పుడు కాగితం ఫోటో తెరిచి, పెద్దది చేసి చూసింది. అది వణుకు కాదు, కలం ఒత్తి పెట్టిన మైనస్. మిగతా మూడింటి ముందూ మూడు ప్లస్‌లు. సారు తన పద్ధతి వదిలేసి ప్రమోద పద్ధతిలో రాశారు, తిప్పాల్సిన అవసరం లేని గుర్తుని ప్రమోద తిప్పేసింది. ఎందుకలా రాశారో అంతు పట్టలేదు, కాలానికి మైనస్ పెట్టడానికి చెయ్యి రాని మనిషాయె. మందుల మత్తులో ఏం రాస్తున్నారో తెలియక రాసుంటారు. అంటే తప్పు మొదలైంది ఆయన దగ్గరేనా. ఆ ఆలోచన రాగానే కాస్త ఊపిరాడింది ప్రమోదకి, వెంటనే సిగ్గేసింది.

గ్రౌండులో ఎవరో ఔటయ్యారు, చప్పట్లు. స్మృతి కూడా చిన్నప్పుడు కాపెల్ అనే ఊళ్ళో ఇలాంటి గ్రౌండుల్లోనే పెరిగానని చెప్తుంది, తమ్ముడి మ్యాచ్‌లకి స్కోరు రాసేదట. ఇక్కడ పుట్టిన పిల్ల, అయిదేళ్ళుగా ప్రమోద దగ్గర పీహెచ్‌డీ చేస్తోంది, సోమవారం అరిజోనాలో ఉద్యోగానికి ఇంటర్వ్యూ. టాక్ మొత్తం పూరీ మీదే. రేపు పొద్దున ఫ్లైటు. చెప్పకపోతే తప్పు లెక్క పట్టుకుని అంతమంది ముందు నిలబడుతుంది, వెనక వరసలో ఎవరో ఒకరు ఆ పోలిక చేసే ఉంటారు, లేచి అడుగుతారు, ఆ పిల్ల బతుకు అక్కడితో సరి. చెప్తే, ఆ క్షణమే పేపర్ కూడా వెనక్కి తీసుకోవాలి, ఒకళ్ళకి చెప్పి లోకానికి దాచేది కాదిది. తీసుకుంటే రాసిన ఇద్దరికీ దానంతటదే మెయిల్ వెళ్తుంది, సారు మెయిల్స్ ఆంటీ మంచం పక్కన కూర్చుని గట్టిగా చదివి వినిపిస్తుంది, ఫార్మసీ కూపన్లతో సహా ఏదీ వదలదు. అంటే తను చెప్పకపోయినా ఆంటీ నోటి మీదుగా ఆయన చెవిన పడుతుంది, అంతకంటే ఘోరం ఉందా. ఎటు తిరిగినా సోమవారమే. బ్లాక్ హోల్ అంచు దాటి లోపలికి వెళ్ళాక సింగ్యులారిటీ అనేది ఒక చోటు కాదమ్మాయ్, అది ఒక రోజు అనేవారు సారు, చోటైతే పక్క నుంచి తప్పుకోవచ్చు, రోజుని ఎలా తప్పుకుంటావు, రాకెట్టేసుకుని ఎంత తన్నుకుంటే అంత ముందుగా వచ్చేస్తుంది. అప్పుడు క్లాసంతా నవ్వారు. ప్రమోద కూడా నవ్వింది.

నిన్న నర్సు ఆయన పాదాలు పట్టుకు చూసి, చల్లబడుతున్నాయి, ఇంక రెండు మూడు రోజులు అని మెల్లిగా చెప్పింది. రెండు మూడు రోజులు. ఇవాళ శనివారం. రేపు ఆదివారం. ఇవాళా రేపూ ఏదో ఒకటి చెప్పి నెట్టుకొస్తే, స్మృతికి ఆఖరి నిమిషంలో చెప్తే, ఈలోపల ఆయన, ఈలోపల, సోమవారంలోగా ఆయన పోతే బావుణ్ణు. అనేసుకుంది. మాట మనసులో పూర్తయ్యేదాకా ఆపలేకపోయింది. చదువు చెప్పిన మనిషి, తన తల్లి పోయిన రోజున ఆఫీసు తలుపు మూసి తనతోపాటు రెండు గంటలు ఒక్క మాటా లేకుండా కూర్చున్న మనిషి, ఆయన చావు తనకి వీలుగా ఉంటుందని లెక్క కట్టింది. ఛీ అనుకుంది, ఛీ అంటే పోయేదా అది. స్టీరింగు మీద తల పెట్టుకుంది, హారన్ మోగింది, పక్కన స్టాంపింగ్ ఆయన ఉలిక్కిపడి చూశాడు. చచ్చిపోవాలనిపించడం అంటే ఏమిటో ప్రమోదకి ఇప్పుడు తెలిసింది, పెద్ద మాటగా కాదు, ఊరికే ఈ సీట్లోంచి లేకుండా పోతే చాలుననిపించింది.

అప్పుడే ఫోన్ మోగింది. కుమారి ఆంటీ.

"ఎక్కడున్నావే అమ్మాయ్? పొద్దున్నించి నీ కోసమే చూస్తున్నారు. ఇవాళ కాస్త తెలివిగా ఉన్నారు, రెండు చెంచాల మజ్జిగ కూడా తాగారు."

"దగ్గర్లోనే ఉన్నానాంటీ. వచ్చేస్తున్నా."

వైపర్ వేస్తే పసుపు అద్దమంతా పులుముకుంది. ఆ మసకలోంచే చూసుకుంటూ రెండు మలుపులూ తిరిగింది. మొదటి మలుపు దగ్గరే తేల్చేసుకుంది, అబద్ధమే చెప్తుంది, నిలబడింది సార్ అంటుంది, ఒక్క మాట, రోజూ అనేదే, కొత్తగా నేర్చుకోవాల్సింది కూడా ఏం లేదు. స్మృతికి రేపు ఎయిర్‌పోర్టులో చెప్పొచ్చు. మెయిల్ సంగతి తరవాత. ఆయన నవ్వుతూ పోవాలి, అంతే, మిగతా పాపం తను మోస్తుంది. రెండో మలుపు తిరిగేసరికి గుండె కాస్త కుదుటపడింది కూడా.

ముందు గదిలోనే కిటికీ పక్కన హాస్పిస్ వాళ్ళ మంచం. ఆంటీ తలుపు తీసి, కాఫీ పెడతానంటూ లోపలికెళ్ళింది. ఆయన కళ్ళు మూసుకునే ఉన్నారు, అడుగుల చప్పుడుకి తెరిచారు. ప్రమోద కుర్చీ జరుపుకుని, ఆయన అడగకముందే, పాఠం అప్పజెప్పినట్టు అనేసింది.

"అంతా బావుంది సార్. లెక్క నిలబడింది."

ఆయన అది విన్నట్టు లేదు. పెదవుల చివర చిన్న నవ్వుంది, ఎన్నాళ్ళో దాచుకున్న మిఠాయిని బయటికి తీయబోతున్నట్టు.

"చూశావా?" అన్నారు.

"ఏంటి సార్?"

"మైనస్." మాట మాటకీ మధ్య ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది. "ఆఖరి కాగితం. కాలానికి ముందు. నీ పద్ధతిలో రాశాను. నువ్వు మళ్ళీ మార్చుకునే పని లేకుండా. మూలన కావాలనే రాయలేదు. నువ్వే చూసుకుని నవ్వుకుంటావని." ఆమె వైపు చూశారు. "ఇన్నాళ్ళూ ఏమీ అనలేదేమా అనుకుంటున్నాను."

మత్తు కాదు. పొరపాటు కాదు. అరవై ఏళ్ళ అలవాటు, సూదులున్న చేత్తో, ఒక్కొక్క గుర్తూ తిప్పి రాశారు. ఆమెకి కానుకగా. చూశాను సార్ అంటే చాలు, రెండే మాటలు, నాలిక చివరే ఉన్నాయి, ఆ రెండు మాటలూ అంటే ఈయన సుఖంగా కళ్ళు మూసుకుంటారు. ప్రమోద నోరు తెరిచింది. ఆ మనిషి ముందు బోర్డు దగ్గర నిలబడ్డప్పుడల్లా ఏమయ్యేదో ఇప్పుడూ అదే అయింది, తెలియనిది తెలుసని చెప్పడానికి నోరు కదల్లేదు. ఆయన ఆ మొహాన్నే చూస్తున్నారు. ఇరవై ఏళ్ళు ఆ మొహంలో లెక్క ఒప్పో తప్పో చూసిన మనిషి.

"మార్చావా," అన్నారు, అడిగినట్టు కూడా కాదు.

"మార్చాను సార్."

పైన విమానం ఒకటి వెళ్ళింది, కిటికీ అద్దం సన్నగా వణికింది. దుప్పటి మీద ఆయన చూపుడు వేలు కదిలింది, ఒక గీత, దాని మీద ఇంకో గీత, మళ్ళీ చెరిపినట్టు అడ్డంగా. లెక్క చేస్తున్నారు. ప్రమోద ఆ వేలునే చూస్తూ కూర్చుంది, ఆగితే బావుణ్ణనుకుంది, ఆగలేదు, చివరిదాకా చేశారు.

"అయితే లాగుతుంది."

"అవును సార్."

"లోపల?"

"తెలీదు సార్."

ఆయన కళ్ళు మూసుకున్నారు. కంటి చివర నుంచి నీరు చెవి వైపుకి జారింది, తుడవబోతే తల అడ్డంగా ఊపారు. ఆయన భయపడుతున్నారు. ప్రమోద ఆయన భయపడ్డం ఎన్నడూ చూడలేదు, కోపం చూసింది, చిరాకు చూసింది, ఇది చూడలేదు, ఛాతీ పైకీ కిందకీ చకచకా కదులుతోంది, వేళ్ళు దుప్పటి పట్టుకున్నాయి, పట్టుకోడానికి వేరే ఏమీ లేనట్టు. క్షమించమని అడగబోయి, ఆ చెయ్యి పట్టుకుంది. చల్లగా ఉంది.

"స్మృతి టాక్?" అన్నారు కళ్ళు తెరిచి.

"సోమవారం."

"ఇవాళే చెప్పు. పేపర్ ఇవాళే వెనక్కి తీసుకో." ఊపిరి అందాక మళ్ళీ అన్నారు. "నా పేరు కూడా రాయి. తప్పు ఇద్దరిదీ అని."

ఆంటీ కాఫీ గ్లాసులు పట్టుకుని వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది, ఈయన తడిసిన చెంప, ప్రమోద ఎర్రబడ్డ కళ్ళు చూసి.

"ఏమిటలా ఉన్నారిద్దరూ? లెక్కకేమన్నా అయిందా?"

ప్రమోద తల వంచుకుంది. ఎవరు ఏ సెమినార్లో చిన్న బొంకు బొంకినా ఊరుకోని మనిషి, ఆవిడ వైపు మెల్లగా తల తిప్పారు.

"ఏం కాలేదు కుమారీ. బావుంది."

"పూరీ పొంగినట్టేనా?"

"పొంగింది." మళ్ళీ ఊపిరి. "ఇక ఆ మెయిల్స్ చదవకు. నీ కళ్ళు నొప్పి పుడుతున్నాయి. కంప్యూటర్ కట్టేసి ఇక్కడ కూర్చో."

"అమ్మయ్య," అంది ఆవిడ. గ్లాసులు బల్ల మీద పెట్టి, అప్పటికప్పుడే వెళ్ళి కంప్యూటర్ మూసేసి వచ్చింది. ఎన్నాళ్ళుగానో ఈ మాట కోసమే కాచుకున్నట్టుంది. ఆయన చెయ్యి ప్రమోద చేతిలోంచి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

కాసేపటికి సారు నిద్రలోకి జారారు, నిద్రో, కళ్ళు మూసుకోవడమో. ప్రమోద లేచింది. ఆంటీ గుమ్మం దాకా వచ్చి, చెప్పులేసుకునేదాకా నిలబడి, గొంతు తగ్గించి చెప్పింది. "నీకు చెప్తే నవ్వుతావేమో గాని అమ్మాయ్, నాకు రాత్రుళ్ళు భయమేస్తుంది. ఆయన పక్కన పడుకుని అదే అనుకుంటాను, పడిపోయినా అక్కడ అంతం లేదట, మళ్ళీ లేస్తుందట అని. అప్పుడు కన్ను మూతపడుతుంది. మీరిద్దరూ కనిపెట్టారు కాబట్టి సరిపోయింది గాని లేకపోతే నేనేమైపోదునో."

"పడుకోండాంటీ," అంది ప్రమోద. "పొంగింది."

కారులో కూర్చుని, అద్దాలన్నీ పైకెత్తి, స్మృతికి ఫోన్ చేసింది. ఆ పిల్ల ఒక్క రింగుకే ఎత్తింది, స్లైడ్స్ ముందేసుకుని కూర్చున్నట్టుంది.

"స్మృతీ, లెక్క తప్పు. గుర్తు నేను రెండోసారి తిప్పాను. అది పొంగదు. పేపర్ ఇవాళ వెనక్కి తీసుకుంటున్నాను."

అటు వైపు నుంచి సన్నటి గొంతు, అమెరికా యాసలో తెలుగు, ఏడుపు ఆపుకుంటున్నట్టు. "మరి మండే నేను ఏం చెప్పాలి? లోపల ఏముంది అని అడుగుతారు కదా?"

"తెలీదని చెప్పు."

"ఏంటి?"

"తెలీదని చెప్పు స్మృతీ. గట్టిగా చెప్పు."

ముందు గది కిటికీలో ఆంటీ కనబడింది, ఒక చేత్తో ఆయన చెయ్యి పట్టుకునే ఉంది, రెండో చెయ్యి ఊపుతోంది, నవ్వుతోంది. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ప్రమోద కూడా చెయ్యి ఊపింది.